"మరి మీరేం చేశారు?": జర్మనీలో ఉద్యోగం వెతకబోయే పిల్లలకు

మా ఎదురింటి పిల్లోడికి జర్మనీ వీసా వచ్చింది. సెప్టెంబరులో ప్రయాణం. నేను సెలవు మీద అనంతపురం వచ్చి రెండు రోజులు కూడా కాలేదు, వాళ్లమ్మ డబ్బా నిండా ఓళిగలు తెచ్చి మా వరండాలో కూర్చుంది. "వీనికి రెండు మాటలు చెప్పుమ్మా, అక్కడ ఉద్యోగం ఎట్ల దొరుకుతాదో" అంది. వాడేమో నోట్‌బుక్ తెరిచి మొదటి ప్రశ్న వేశాడు: "అక్కా, కుక్కర్ మూడు లీటర్లదా, ఐదు లీటర్లదా?"

కుక్కర్ సంగతి మూడు లీటర్లతో తేలిపోయింది. మిగతాదానికి మూడు సాయంత్రాలు పట్టింది. వానికి చెప్పిందే కొంచెం వరుసలో పెట్టి ఇక్కడ రాస్తున్నా. పోయేది చదువుకే అయినా, ఉద్యోగం వెతుకులాట విమానం ఎక్కకముందే మొదలవుతుందని నాకు అప్పట్లో చెప్పినవాళ్లు లేరు.

ముందు నా సంగతి. జేఎన్‌టీయూ అనంతపురంలో ఈసీఈ. తర్వాత పెనుకొండ వైపు కార్ల విడిభాగాలు చేసే ఒక కంపెనీలో పద్నాలుగు నెలలు, వైరింగ్ హార్నెస్‌ల టెస్టింగ్ లైన్‌లో పని. ఆపైన జర్మనీలో, సాక్సనీ రాష్ట్రంలోని కెమ్నిట్స్‌లో ఆటోమోటివ్ సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ మాస్టర్స్. 2024లో చదువు అయిపోయింది. ఉద్యోగానికి ఏడు నెలలు పట్టింది. నా ఎక్సెల్ షీట్లో లెక్క ఇంకా ఉంది: 143 అప్లికేషన్లు, 9 ఇంటర్వ్యూలు, 1 ఆఫర్. ఇది గొప్పా, తక్కువా అని అడగొద్దు. నాతో చదివినవాళ్లలో నెలలో దొరికినోళ్లూ ఉన్నారు, ఏడాదిన్నర చూసి తిరిగొచ్చినోళ్లూ ఉన్నారు.

పోయే ముందు ఒక కాగితం

పెనుకొండలో పని మానేసే రోజు హెచ్‌ఆర్ సార్ ఇచ్చిన ఎక్స్‌పీరియన్స్ లెటర్‌లో రెండే వాక్యాలు. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా పనిచేసింది, ఆమె భవిష్యత్తు బాగుండాలని కోరుకుంటున్నాం. మన దగ్గర అది చాలు. ఫైల్లో పెట్టుకుని నేనూ నిశ్చింతగా వచ్చేశా. అక్కడ మొదటి ఇంటర్వ్యూలో దాన్ని తీసి ఇస్తే, ఎదురుగా కూర్చున్నాయన చదివి, కాగితం తిప్పి వెనక వైపు చూశాడు. వెనక ఏముంటుంది, తెల్లగా ఉంది.

జర్మనీలో ఉద్యోగం మానేసిన వాళ్లకు ఆర్బైట్స్‌ట్సోయ్‌గ్నిస్ అని ఒక పత్రం ఇస్తారు. అడిగి తీసుకునే హక్కు చట్టంలోనే ఉంది. ఏ విభాగం, ఏయే పనులు, ఏ యంత్రాలు, ఏ సాఫ్ట్‌వేర్, తోటివాళ్లతో ఎట్లా మెలిగారు, అన్నీ పేజీ, పేజీన్నరలో ఉంటాయి. దాంట్లో మనిషిని కించపరిచేలా రాయకూడదు. రాయకూడదు కాబట్టి, చెడును కూడా తియ్యగా చెప్పే భాష ఒకటి పుట్టింది. "స్టెట్స్ ట్సు ఉన్‌జెరర్ ఫోల్‌స్టన్ ట్సుఫ్రీడన్‌హైట్" అని ఉంటే, ఎల్లప్పుడూ మాకు పరిపూర్ణమైన తృప్తి కలిగేలా పనిచేసింది అని అర్థం, అది మొదటి ర్యాంకు. "ఫోల్‌స్టన్" బదులు "ఫోలన్" ఉంటే రెండో ర్యాంకు. ఎల్లప్పుడూ అనే "స్టెట్స్" కూడా ఎగిరిపోతే మూడు. ఉత్త తృప్తి మాత్రమే మిగిలితే నాలుగు, అంటే గట్టెక్కింది, అంతే. ఇక "ప్రయత్నం చేసింది" అని రాశారంటే పని కాలేదనే. పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు "అమ్మాయి చాలా మర్యాదస్తురాలు, ఇంటికి పోయి కబురు చేస్తాం" అంటే మనకు అర్థం కావట్లేదా? ఇదీ అంతే.

అందుకని మీరు ఇక్కడ ఆరు నెలలు పనిచేసినా, ఇంటర్న్‌షిప్ చేసినా, పోయే ముందు పూర్తి పేజీ లెటర్ తీసుకోండి. వాళ్లు రాసివ్వరు, టైముండదు. మీరే ఇంగ్లిష్‌లో రాసుకుని పోండి: చేసిన పనులు ఐదారు, వాడిన పరికరాల పేర్లు, తేదీలు, మీ పైన ఉన్నాయన హోదా. కంపెనీ లెటర్‌హెడ్ మీద ప్రింట్ తీయించి సంతకం, ముద్ర వేయించుకోండి. లేని పని ఒక్కటి కూడా రాయొద్దు. కాలేజీలో మెయిన్ ప్రాజెక్ట్ చేయించిన సార్ దగ్గర కూడా ఇలాంటిదే ఒకటి తీసుకోండి. ట్రాన్స్‌క్రిప్ట్‌లు, ఒరిజినల్ డిగ్రీ చేతికి రావడానికి ఎట్లాగూ యూనివర్సిటీ చుట్టూ తిరుగుతారు, అదే తిరుగుడులో ఇదీ అయిపోతుంది.

రోజుల లెక్క

ఇది త్వరగా చెప్పేస్తా. చదివేటప్పుడు ఏడాదికి 140 పూర్తి రోజులు, లేదా 280 సగం రోజులు పనిచేయొచ్చు. 2024 మార్చి దాకా ఇది 120, 240గా ఉండేది, పాత వీడియోల్లో ఆ అంకెలే కనిపిస్తాయి. చదువుకు సంబంధించిన పని కంపెనీలో చేస్తే వెర్క్‌స్టుడెంట్ అంటారు, క్లాసులు జరిగే నెలల్లో వారానికి 20 గంటలు. చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలల దాకా పర్మిట్ ఇస్తారు. ఆ కాలంలో ఏ పనైనా ఫుల్‌టైం చేసుకోవచ్చు. ఈ 18 నెలలు ఏ రోజు నుంచి లెక్క పడతాయో అక్కడ మీరుండే ఊరి విదేశీయుల ఆఫీసును థీసిస్ ఇవ్వకముందే అడగండి, ఇచ్చాక కాదు. పాత పర్మిట్ గడువు తీరకముందే దరఖాస్తు పెడితే, కొత్తది వచ్చేదాకా ఫిక్ట్‌సియోన్స్‌బెషైనిగుంగ్ అని చేతికొక కాగితం ఇస్తారు. నోరు తిరక్కపోయినా ఫర్వాలేదు, దాన్ని మాత్రం పోగొట్టుకోవద్దు.

యూనివర్సిటీ రోల్స్ నుంచి పేరు తీసేశాక స్టూడెంట్ హెల్త్ ఇన్సూరెన్స్ రేటు పోతుంది, నెలనెలా కట్టేది పెరుగుతుంది. సెమిస్టర్ టికెట్, అంటే స్టూడెంట్ల బస్సు, ట్రైన్ పాస్ పోతుంది. వెర్క్‌స్టుడెంట్ ఉద్యోగమూ పోతుంది. అందుకే చాలామంది థీసిస్‌ను ఒక సెమిస్టర్ లాగుతారు. ఒక సెమిస్టర్ అయితే నేను తప్పు పట్టను. మూడు లాగినవాళ్లను చూశా, వాళ్లకు ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న దాని గురించే.

అసలు దారి ఇంకొకటుంది. థీసిస్‌నే కంపెనీలో చేయడం. ఆరు నెలలు వాళ్ల మధ్యలోనే ఉంటారు, మీ పని వాళ్లు చూస్తారు, వాళ్ల భాష మీ చెవిన పడుతుంది. నేను లేబొరేటరీలో చేశా, తర్వాత బాధపడ్డా. మూడో సెమిస్టర్ మొదట్లోనే కంపెనీ థీసిస్‌ల కోసం అడగడం మొదలుపెట్టండి.

భాష గురించి నిజం

"కోర్సు ఇంగ్లిష్‌లోనే కదక్కా" అన్నాడు మా పిల్లోడు. అవును. క్లాసు ఇంగ్లిష్‌లో, ప్రొఫెసర్ ఇంగ్లిష్‌లో, ఫ్లాట్‌లో తెలుగు. రెండేళ్లు ఇట్లాగే గడిచిపోతాయి. తర్వాత ఉద్యోగ ప్రకటనలు తెరిస్తే అన్నీ జర్మన్‌లో ఉంటాయి. ప్రకటనే జర్మన్‌లో రాశారంటే పని కూడా జర్మన్‌లోనే అని. "ఫెర్‌హాండ్‌లుంగ్స్‌జిషర్" అనే మాట కనిపిస్తే బేరాలాడగలిగేంత భాష కావాలని. బెర్లిన్‌లో సాఫ్ట్‌వేర్ కంపెనీల సంగతి వేరు, అక్కడ ఇంగ్లిష్‌తో నడుస్తుంది. కానీ మెకానికల్, ఎలక్ట్రికల్, ఆటోమోటివ్ వాళ్లం ఫ్యాక్టరీ ఫ్లోర్ మీద ఫోర్‌మన్‌తో మాట్లాడాలి. ఆయనకు మన ఇంగ్లిష్‌తో పనేముంది?

భాషకు ఏ1, ఏ2, బీ1, బీ2 అని కిందినుంచి పైకి మెట్లుంటాయి. బీ1 ఉంటే తలుపు కొద్దిగా తెరుచుకుంటుంది, బీ2 ఉంటే లోపలికి రానిస్తారు. నేను ఏ2తో మొదటి నాలుగు నెలలు అప్లై చేశా, అరవై పైచిలుకు అప్లికేషన్లు గాల్లో కలిశాయి. ఆ టైంలో భాష మీద కూర్చుని ఉంటే బాగుండేది. నాకు జర్మన్ వచ్చింది కోర్సులో కాదు, బేకరీలో పనిచేసేటప్పుడు. ఆదివారం పొద్దున ఆరింటికే ముసలివాళ్లు క్యూ కట్టేవాళ్లు. సాక్సనీ యాస పుస్తకాల్లో దొరకదు, మన సీమ యాస లాంటిదే. "బ్రోట్‌షెన్ నాలుగు, గసగసాలవి రెండు" అని గబగబా అనేసి, నాకు అర్థం కాలేదని తెలిసినా నెమ్మదిగా చెప్పేవాళ్లు కారు. మూడు నెలల్లో చెవులు తెరుచుకున్నాయి. విమానం ఎక్కకముందే ఇక్కడే ఏ2 పూర్తి చేసుకుని పొండి. అక్కడికి పోయాక చదువు, వంట, చలి, అన్నీ ఒక్కసారే మీద పడతాయి.

వెతకడం, పంపడం

లింక్డ్‌ఇన్, స్టెప్‌స్టోన్, ఇన్‌డీడ్, జింగ్. ప్రభుత్వ ఉపాధి సంస్థ బుండెస్‌ఆగెంటూర్ వెబ్‌సైట్‌లో కూడా ఉంటాయి, మన పిల్లలు దాన్ని పట్టించుకోరు. ఉద్యోగం పేరు పక్కన బ్రాకెట్లో ఎం, డబ్ల్యూ, డి అని మూడక్షరాలు ఉంటాయి. నేను మొదట్లో అదేదో డిపార్ట్‌మెంట్ కోడ్ అనుకున్నా. పురుషులు, స్త్రీలు, ఇతరులు, ఎవరైనా అప్లై చేయొచ్చని దాని అర్థం.

అందరి కళ్లూ పెద్ద కార్ల కంపెనీల మీదే. కానీ అక్కడి కార్ల పరిశ్రమకు ఇప్పుడు టైం బాగాలేదు. ఫోక్స్‌వాగన్ 2030 నాటికి 35,000కు పైగా ఉద్యోగాలు తగ్గించుకుంటామని 2024 డిసెంబరులో కార్మిక సంఘంతో ఒప్పందం చేసుకుంది. పెద్దచోట తలుపులు మూసుకున్నప్పుడు చిన్నచోట తట్టాలి. యాభై, వంద మంది పనిచేసే కంపెనీలు, ఎవరికీ పేరు తెలియని ఊళ్లలో, తాతల కాలం నుంచి ఒకే వస్తువు చేస్తూ ఉంటాయి. వాటికి కూడా ఇంజనీర్లు కావాలి. ఆ ఊళ్లకు పోవడానికి వేరేవాళ్లు ఇష్టపడరు, మనకేం, ఉరవకొండలో పెరిగినోళ్లకు చిన్న ఊరంటే భయమా?

బయోడేటాను అక్కడ లెబెన్స్‌లౌఫ్ అంటారు. రెండు పేజీలు మించొద్దు. కొత్తది పైన, పాతది కింద, నెలలతో సహా తేదీలు. మధ్యలో ఖాళీ ఉంటే ఖాళీగా వదలకండి, "జర్మన్ కోర్సు, ఉద్యోగ అన్వేషణ" అని రాసేయండి. ఖాళీ కంటే ఆ మాట నయం. ఫొటో పెట్టాలన్న నియమం లేదు, అయినా చాలామంది పెడతారు, నేనూ పెట్టా. తండ్రి పేరు, కులం, మతం, పాస్‌పోర్ట్ నంబర్, "పైన చెప్పినవన్నీ నిజమని ప్రమాణం చేస్తున్నాను" ఇవేవీ అక్కర్లేదు. లెబెన్స్‌లౌఫ్, కవరింగ్ లెటర్, సర్టిఫికెట్లు అన్నీ కలిపి ఒకే పీడీఎఫ్. ఫైల్ పేరులో మీ పేరుండాలి. నేను ఒకసారి "ఫైనల్ ఫైనల్ 3" అని పంపా. జవాబు రాలేదు, వస్తుందని ఎట్లా అనుకున్నానో.

మార్కుల సంగతి ఒకటి చెప్పాలి. అక్కడ 1.0 అన్నిటికంటే మంచిది, 4.0 అంటే పాస్, అంతకు మించితే ఫెయిల్. మా నాయనకు ఫోన్‌లో "నాకు 1.9 వచ్చింది నాయనా" అంటే ఆ పక్కనుంచి కాసేపు మాట రాలేదు. "పోనీలే, వచ్చే పరీక్షకు చూసుకుందువులే" అన్నాడు పాపం.

జవాబులు వస్తాయి, చాలావరకు వద్దనే. వద్దనే మెయిల్ పొగడ్తతో మొదలవుతుంది, మధ్యలో "లైడర్" అనే మాట ఉంటుంది, అంటే దురదృష్టవశాత్తూ. నేను మెయిల్ మొత్తం చదవడం మానేసి ఆ ఒక్క మాట కోసం వెతికేదాన్ని. ఉంటే షీట్‌లో ఎర్ర రంగు పులిమి, టీ పెట్టుకునేదాన్ని.

ఇంకో రకం మెయిల్ కూడా వస్తుంది. "మీకు మూడేళ్ల అనుభవం ఉన్నట్టు చేసిస్తాం, ఇంటర్వ్యూలో మావాడు పక్కనుండి చెబుతాడు, ఇంత కట్టండి" అని తెలుగులోనే ఫోన్ చేసి అడిగినోళ్లున్నారు నన్ను. ఇందాక చెప్పిన ట్సోయ్‌గ్నిస్ గుర్తుంది కదా. లేని కంపెనీ లెటర్ పట్టుకుని పోతే ప్రొబేషన్ ఆరు నెలల్లో ఏదో ఒక రోజు బయటపడుతుంది. అప్పుడు ఉద్యోగమే కాదు, పర్మిట్ కూడా పోవచ్చు. ఫోన్ పెట్టేయండి, అంతే.

ఇంటర్వ్యూ

మొదటి దెబ్బ పేరు దగ్గరే తగిలింది. అక్కడ అందరినీ ఇంటిపేరుతో పిలుస్తారు, ముందు ఫ్రావ్ అనో, హెర్ అనో పెట్టి. వెయిటింగ్ రూంలో కూర్చుని ఉన్నా. ఒకామె వచ్చి "ఫ్రావ్..." అని మా ఏడక్షరాల ఇంటిపేరును నాలుగు ముక్కలు చేసి పిలిచింది. నేను కదల్లేదు. ఆ పేరుతో నన్నెవరు పిలిచారని? ఆ పేరు వినపడేది పెళ్లి పత్రికల్లో, పొలం పాస్‌బుక్‌లో. రెండోసారి పిలిచాక లేచా. మీ పాస్‌పోర్ట్‌లో సర్‌నేమ్ గడిలో ఏముందో చూసుకుని, అదే మీ పేరని ఇప్పటినుంచే అలవాటు చేసుకోండి. వాళ్లను కూడా హెర్, ఫ్రావ్ అని ఇంటిపేరుతోనే పిలవాలి. "సార్" అనడం మనకు నోటికి పట్టేసి ఉంటుంది, దాన్ని వదిలించుకోవడానికి నాకు నెల పట్టింది.

పది నిమిషాల ముందు అక్కడుండాలి. అరగంట ముందు లోపలికి పోవద్దు, అదీ వాళ్లకు ఇబ్బందే, బయట తిరుగుతూ ఉండండి. నీళ్లు ఇస్తారు, గ్యాస్ ఉన్నవా, లేనివా అని అడుగుతారు. గ్యాస్ లేనివి తీసుకోండి. నేను గ్యాస్‌వి తాగి, "మీ గురించి చెప్పండి" అన్నప్పుడు త్రేన్పు ఆపుకోలేక నానా అవస్థ పడ్డా.

ఇక అసలు సంగతి. మొదటి నాలుగు ఇంటర్వ్యూలు ఒకే చోట చెడిపోయాయి. నా బయోడేటాలో పెనుకొండ పని గురించి "టెస్టింగ్ ప్రక్రియను మెరుగుపరిచిన బృందంలో సభ్యురాలిని" అని రాసుకున్నా. ఇంటర్వ్యూలో కూడా "మేము ఫెయిల్యూర్లు తగ్గించాం, మేము ప్రాసెస్ మార్చాం" అనేదాన్ని. ఎదుటివాళ్లు ఓపిగ్గా విని ఒక ప్రశ్న వేసేవాళ్లు. "ఉన్ట్ వాస్ హాబన్ జీ గెమాఖ్ట్?" మరి మీరేం చేశారు? నేను మళ్లీ "మేము" అని మొదలుపెట్టేదాన్ని. నాలుగోచోట ఒకావిడ మర్యాదగానే అంది: మీ బృందం చాలా మంచిదని అర్థమైంది, కానీ మేం తీసుకునేది ఒక్క మనిషిని.

మనం "నేను చేశా" అనం. అంటే పొగరనుకుంటారు. మా అవ్వ "నేను నేను అనేది మేక ఒక్కటే" అని పెంచింది నన్ను. ఆ పెంపకం మంచిదే, కానీ ఇంటర్వ్యూకు పనికిరాదు. ఆ రోజు ట్రైన్‌లో తిరిగొస్తూ, పెనుకొండలో నేను నిజంగా నా చేతులతో చేసిందేమిటని ఆలోచించా. ఒకటి దొరికింది.

హార్నెస్ అంటే కారు లోపలి వైర్ల కట్ట. ప్రతి కట్టనూ బోర్డు మీద పరిచి, కనెక్టర్లను ఫిక్స్చర్‌లో గుచ్చితే, అన్ని వైర్లూ సరిగ్గా కలిశాయో లేదో టెస్టర్ చూస్తుంది. బాగుంటే పచ్చ లైటు, లేకపోతే ఎర్ర లైటు. మా మూడో బోర్డులో షిఫ్టుకు ముప్పై దాకా ఎర్ర లైట్లు వచ్చేవి. తీసి మళ్లీ గుచ్చితే పచ్చ. "ఏం కాదు పాపా, మళ్లీ పెట్టు, పోతాది" అనేవాళ్లు. నేను వారం రోజులు నైట్ షిఫ్టులో, ఎర్ర లైటు వచ్చిన ప్రతిసారీ ఏ పిన్ దగ్గర ఫెయిల్ అని చూపిస్తోందో నోట్‌బుక్‌లో రాస్తూ పోయా. 14, 14, 9, 14, 14, 14. కట్టలు మారుతున్నాయి, పిన్ మారట్లేదు. తప్పు వైర్లలో లేదు, ఫిక్స్చర్‌లో స్ప్రింగ్ మీద లేచే ఆ సన్న పిన్ అరిగి పొట్టిదయింది. మెయింటెనెన్స్ అన్నతో మార్పించా. తర్వాతి వారం షిఫ్టుకు రెండో, మూడో.

ఇంతే. పేటెంట్ కాదు, పేపర్ కాదు. కానీ ఐదో ఇంటర్వ్యూలో ఇది చెప్పినప్పుడు ఎదుటాయన మొదటిసారి పెన్ను కింద పెట్టి ముందుకు వంగాడు. "వైర్‌ది తప్పు కాదని ఎట్లా నమ్మారు? వారమే ఎందుకు, మూడు రోజులు చాలవా?" అని తవ్వాడు. నేను చేసిన పని కాబట్టి జవాబులు నా దగ్గరున్నాయి.

మీరూ ఇలాంటివి మూడు పోగుచేసుకోండి. ఏం జరుగుతోంది, మీ కంటికి ఏం కనిపించింది, మీరేం చేశారు, తర్వాత ఎంత మారింది. అంకె ఉండాలి. ఒక్కోటి రెండు నిమిషాలు, ఫోన్‌లో రికార్డ్ చేసుకుని వినండి, "మేము" ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టండి. కంపెనీలో పని చేయలేదా, కాలేజీ ప్రాజెక్టులో బోర్డు కాలిపోయిన రోజుంటుంది, ఆ రోజు గురించి చెప్పండి. అదే జర్మన్‌లో రాసుకుని, తెలిసినవాళ్లతో దిద్దించి, బట్టీ పట్టినా తప్పు లేదు. మిగతా భాష తడబడినా ఆ రెండు నిమిషాలు తడబడకూడదు.

తెలియనిదాన్ని తెలియదనండి. ఒకచోట ఆటోసార్ (కార్ల సాఫ్ట్‌వేర్‌కు వాడే ఒక ప్రమాణం) వచ్చా అంటే వచ్చు అన్నా. "ఏ వెర్షన్‌తో పనిచేశారు?" అన్నాడు. నాకు క్లాసులో చూసిన స్లైడ్లు తప్ప ఏమీ గుర్తురాలేదు. మొహం ఎర్రబడింది. తర్వాత్తర్వాత "ఇది నేను చేయలేదు, చదివింది ఇక్కడిదాకా" అనడం నేర్చుకున్నా. విచిత్రమేమిటంటే దానికి ఎవరూ మొహం మాడ్చుకోలేదు.

జీతం ఎంత అనుకుంటున్నారు అని తప్పకుండా అడుగుతారు. "మీరే చూసి చెప్పండి" అంటే మన దగ్గర వినయం, అక్కడ హోంవర్క్ చేయలేదని అర్థం. ఏడాదికి, పన్నులు కట్‌ కాకముందు ఎంతో ఒక అంకె చెప్పాలి. మా అమ్మ ఇప్పటికీ "నెలకా, ఏడాదికా?" అని అడుగుతుంది, అక్కడ ఏడాదికే. పెళ్లికాని మనిషికి చేతికొచ్చేది అందులో సుమారు మూడింట రెండు వంతులు.

ఆడపిల్లలకు ఒక మాట. పెళ్లెప్పుడు, పిల్లల్ని కంటారా అని అడిగే హక్కు వాళ్లకు లేదు. ఒక్కచోట నన్ను అడిగారు, నవ్వి "పనికి సంబంధించింది అడగండి" అన్నా. ఇంకొకటి, పిలిచి ఇంటర్వ్యూ పెట్టినప్పుడు, ఇచ్చేది లేదని ముందే చెప్పి ఉండకపోతే దారిఖర్చులు వాళ్లే ఇవ్వాలి. ట్రైన్ టికెట్లు పారేయొద్దు.

చివర్లో "మీకేమైనా ప్రశ్నలున్నాయా?" అంటారు. లేవు అనొద్దు. మొదటి మూడు నెలల్లో నా చేత ఏం చేయిస్తారు, ఈ పోస్టులో ముందున్నవాళ్లు ఎందుకు వెళ్లిపోయారు, ఈ రెండూ నేను అన్నిచోట్లా అడిగా. రెండోదానికి వచ్చే జవాబు కంటే, జవాబు చెప్పేముందు వాళ్లు ఒకరినొకరు చూసుకునే చూపు ఎక్కువ చెబుతుంది.

నాకు ఉద్యోగం ఇచ్చిన చోట ఈ ప్రశ్నలేవీ పెద్దగా జరగలేదు. చెక్ సరిహద్దు వైపు కొండల్లో ఓ చిన్న ఊరు, అరవై మంది ఉన్న కంపెనీ. బస్సు గంటకొకటి. తెల్లజుట్టు ఇంజనీర్ ఒకాయన, మీ ఊరెక్కడ అంటే "బెంగళూరుకు ఎగువన, కియా కార్లు తయారయ్యేది మా వైపే" అన్నా. ఆయన తల ఊపి, డ్రాయర్ లోంచి ఒక వైర్ల కట్ట తీసి బల్ల మీద పెట్టాడు. "ఏం కనిపిస్తోంది?" తిప్పి చూశా. ఒక టెర్మినల్ దగ్గర, రాగి తీగను మాత్రమే పట్టుకోవాల్సిన చోట పైన ఉండే ప్లాస్టిక్ తొడుగు కూడా ఇరుక్కుని ఉంది. ఇప్పుడు పనిచేస్తుంది, బండి ఊగే కొద్దీ వదులవుతుంది. అది చెప్పడానికి జర్మన్ మాట దొరకలేదు. కట్ట పట్టుకుని కుదిపి చూపించా. ఆయన నవ్వి అందించాడు: "వాకెల్‌కాంటాక్ట్." లూజ్ కాంటాక్ట్. ఇక ఆ మాట జన్మలో మర్చిపోను.

ఆఫర్ వచ్చాక

సంతోషంలో సంతకం పెట్టేయకండి, ఒక్కరోజు ఆగండి. ఉద్యోగం మీ చదువుకు తగిందై, జీతం నిర్ణీత మొత్తానికి పైన ఉంటే బ్లూ కార్డ్ వస్తుంది, అంటే చదువుకున్న విదేశీ ఉద్యోగులకిచ్చే పర్మిట్. 2025లో ఆ మొత్తం ఏడాదికి 48,300 యూరోలు. డిగ్రీ అయి మూడేళ్లు దాటనివాళ్లకు, మనుషుల కొరత ఉన్న వృత్తులవాళ్లకు 43,759 యూరోల 80 సెంట్లు. ఇది ఏటా మారుతుంది, కాబట్టి మీ ఏడాది అంకె చూసుకోండి. ఆఫర్ దానికి రెండు వందలు తక్కువున్నా నోరు విప్పి అడగండి, నా స్నేహితురాలికి కేవలం అడిగినందుకే పెంచారు. బ్లూ కార్డ్ మీద బీ1 జర్మన్ ఉంటే 21 నెలలకే శాశ్వత నివాసానికి దరఖాస్తు పెట్టొచ్చు, ఏ1 అయితే 27 నెలలు. భాష గురించి ఇందాక అంత గొంతు చించుకున్నది దీనికి కూడా.

ప్రొబేషన్ మామూలుగా ఆరు నెలలు. ఆ కాలంలో ఇటువాళ్లయినా అటువాళ్లయినా రెండు వారాల నోటీసుతో తెంచుకోవచ్చు. అందుకని ఆ ఆరు నెలల్లో చెల్లెలి పెళ్లికని ఇండియాకు నెల సెలవు అడగొద్దు. పెళ్లి ముహూర్తాన్నే వెనక్కి జరిపించండి, నేను మా ఇంట్లో అట్లాగే జరిపించా.

మూడో సాయంత్రం ఇవన్నీ రాసుకుని మా పిల్లోడు ఇంటికి పోయాడు. మరుసటి రోజు పొద్దున పెనుకొండ బస్సెక్కాడు, ఆర్నెల్లు ఇంటర్న్‌షిప్ చేసిన చోటికి, లెటర్ కోసం. మధ్యాహ్నం ఫోన్ చేశాడు.

"అక్కా, ఇచ్చినారు."

"ఎన్ని లైన్లు?"

కాసేపు మాట్లాడలేదు. "రెండు."

"నువ్వు రాసుకుని పోయిన పేజీ ఏమైంది?"

"బ్యాగులోనే ఉందక్కా. మేము అడిగేదానికి మొహమాటపడి..."

"ఎవరు మొహమాటపడింది?"

"నేనే."

"బస్సెక్కినావా?"

"లేదు, గేటు బయటే ఉన్నా."

"అయితే మళ్లీ లోపలికి పో."